ఖాళీలను కూర్చడం: సీసపు టైపుతో ఒక నమూనా పేజీ

శనివారం

పాత చేతి ప్రెస్సును విప్పి తుడవడం, నూనె పెట్టడం, కొత్త రోలర్లు వేయడం అయిపోయాయి. ఇక కూర్పు మొదలు. చేయబోయేది ఒక్కటే పేజీ. అందులో ఒకే ఇంగ్లిష్ పేరా నాలుగుసార్లు వస్తుంది. మొదటిసారి వరుసకూ వరుసకూ మధ్య ఏమీ ఉండదు. తర్వాతి మూడింటిలో వరుసగా 1, 2, 3 పాయింట్ల లెడ్లు (వరుసల మధ్య పెట్టే సన్నని సీసపు పట్టీలు) పడతాయి. మాటలూ టైపూ వెడల్పూ అన్నిటికీ ఒకటే, మారేది ఖాళీ ఒక్కటే. తెర మీద ఈ తేడాను ఎన్నిసార్లు మార్చి చూసినా నాకు మనసుకు ఎక్కలేదు. అక్కడ ఖాళీ ఒక అంకె, బటన్ నొక్కితే పెరుగుతుంది, తగ్గుతుంది. సీసపు టైపులో ఖాళీ అంటే ఒక ముక్క. దాన్ని వేళ్లతో తీసి, ఉండాల్సిన చోట పెట్టాలి. పెట్టకపోతే అక్షరం నిలబడదు.

ముందు లెక్క తేల్చుకున్నాను. కొలతలు రెండే: పాయింటు, పైకా. 12 పాయింట్లు ఒక పైకా. లోహపు టైపులో పాయింటు 0.3515 మిల్లీమీటర్లు, పైకా 4.22 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుక తక్కువ. నా ప్రెస్సు చేజ్ (పేజీని బిగించే ఇనుప చట్రం) లోపలి కొలత 8 × 5 అంగుళాలు, అంటే 48 × 30 పైకాలు, ఆ పైన రెండు వైపులా పిసరంత మిగులు. వరుస వెడల్పు 20 పైకాలు పెట్టుకున్నాను. పేజీ ఎత్తు, చేజ్ పొడుగు వైపున, 30 పైకాలు రావాలి.

టైపు 12 పాయింట్లు, పేరాకు ఆరు వరుసలు. లెడ్లు లేకపోతే 72 పాయింట్లు. ఆరు వరుసల మధ్య సందులు అయిదు కాబట్టి 1 పాయింటు లెడ్లతో 77, 2 పాయింట్లతో 82, 3 పాయింట్లతో 87. నాలుగూ కలిపితే 318. పేరాల మధ్య మూడు చోట్ల 12 పాయింట్ల రెగ్లెట్ (చెక్క పట్టీ) వేస్తే మరో 36, మొత్తం 354. 30 పైకాలంటే 360. మిగిలిన 6 పాయింట్లకు అడుగున ఒక స్లగ్ (మందపాటి లెడ్డు) పెడితే సరి. కాగితం మీద ఈ కూడిక సరిపోయిన క్షణం నుంచే నాకు పని మీద నమ్మకం కుదిరింది. టైపును పట్టి ఉంచేది జిగురో మేకో కాదు, ఈ కూడికే. ఏ ముక్క అయినా 12తోనో దాని భాగాలతోనో లెక్క కుదిరితేనే నాలుగు వైపులా బిగిస్తే ఒకే పలకలా నిలుస్తుంది.

ఆదివారం

స్పేసులు, అంటే పదాల మధ్య పెట్టే ఖాళీ ముక్కలు, ఏరడంతోనే సరిపోయింది. విసుగు పుట్టించే పనే, కానీ ఇది దాటకుండా స్టిక్ (అక్షరాలు వరుసగా పేర్చుకునే చేతి పళ్లెం) పట్టుకోకూడదు.

ఎమ్ క్వాడ్ అనే ఖాళీ ముక్క, బాడీ (అక్షరాన్ని మోసే సీసపు దిమ్మ, 12 పాయింట్లన్నది దీని కొలతే) ఎంతో అంతే వెడల్పున్న చతురస్రం. 12 పాయింట్ల టైపుకు 12 × 12. ఎమ్ అనే అక్షరం వెడల్పుతో దీనికి సంబంధం లేదు. చాలా ఫేసుల్లో (అక్షర రూపాల్లో) ఆ అక్షరం అంతకన్నా ఇరుకుగానే ఉంటుంది. అందులో సగం ఎన్, 6 పాయింట్లు. ఆ తర్వాత ఎమ్‌లో మూడో వంతు 4 పాయింట్లు, నాలుగో వంతు 3, అయిదో వంతు 2.4. ఇంకా సన్నవి కావాలంటే 1 పాయింటు ఇత్తడి రేకులు, అర పాయింటు రాగి రేకులు ఉంటాయి. లోహాన్ని బట్టి మందం తెలిసిపోవడం ఎంత తెలివైన ఏర్పాటో, వాటిని గుప్పిట్లో పోసుకుని చూస్తే అర్థమవుతుంది. సరిగ్గా వెలుతురు లేకపోయినా రంగు చూసి తీసుకోవచ్చు.

సీసపు స్పేసులకు ఆ సదుపాయం లేదు. 3 పాయింట్లదీ 2.4 పాయింట్లదీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. విడిగా చూస్తే కష్టం. అందుకే కేసులో (టైపు దాచే గడుల సొరుగులో) ఒక్కో గడిలో ఒక్కో రకం వేసి, గడి అంచున కాగితం అతికించి అంకె రాశాను. అక్షరాలకైతే కాండం మీద గాడి ఉంటుంది. ఏది ముందువైపో, ఏ ఫాంటుకు చెందిందో వేలికి తెలుస్తుంది. స్పేసులకు గాడి లేదు, ముఖం లేదు. ఇవి అక్షరం కన్నా బాగా పొట్టి. అక్షరం ఎత్తు 0.918 అంగుళం. స్పేసు ఆ ఎత్తుకు రాదు కాబట్టే దానికి సిరా అంటదు, కాగితం మీద తెల్లగా మిగులుతుంది.

సోమవారం రాత్రి

మొదటి వరుసలు పూర్తయ్యాయి. రెండో వరుసను కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే జస్టిఫికేషన్ (వరుసను సరిగ్గా వెడల్పంతా నింపడం) అంటే ఏమిటో నాకు దాంట్లోనే తెలిసింది.

స్టిక్‌ను 20 పైకాలకు బిగించాను. అంటే 240 పాయింట్లు. అక్షరాలు తలకిందులుగా, గాడి పైకి వచ్చేలా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోవాలి. పదానికీ పదానికీ మధ్య ముందుగా మూడో వంతు స్పేసు, అంటే 4 పాయింట్లు. ఈ వరుసలో ఏడు పదాలు పట్టాయి. ఎనిమిదోది పట్టదు, విరిచేందుకు కూడా అనువుగా లేదు. చివర 9 పాయింట్లు ఖాళీ. ఆ 9 పాయింట్లను ఆరు సందుల్లో పంచాలి.

ఒక దారి: నాలుగు సందుల్లో 4 తీసేసి ఎన్ పెట్టడం. సందుకు 2 చొప్పున 8 పాయింట్లు పోతాయి. మిగిలిన 1 పాయింటుకు అయిదో సందులో ఒక ఇత్తడి రేకు. ఆరో సందు ఎలా ఉందో అలాగే. ఏ నాలుగింటిని పెంచాలన్నది కంటికి సంబంధించిన విషయం. పొడుగు కాడ ఉన్న అక్షరాలు ఎదురెదురుగా వస్తే, అంటే ఒక పదం డి తో ముగిసి తర్వాతి పదం హెచ్ తో మొదలైతే, ఆ సందు ఇరుకుగా కనిపిస్తుంది. అక్కడ పెంచాలి. కామా తర్వాత, లేదా డబ్ల్యూ, వై లాంటి వాలు అక్షరాల పక్కన ముందే కొంత తెలుపు ఉంటుంది. అక్కడ పెంచకూడదు. పాత కంపోజిటర్లు ఇదంతా చేయి ఆపకుండా చేసేవారు. నేను ఒక్కో సందు దగ్గరా ఆగి ఆలోచిస్తున్నాను.

వరుస సరిపోయిందో లేదో చెప్పేది బొటనవేలే. స్టిక్‌ను కొద్దిగా ముందుకు వాల్చినప్పుడు వరుస ఆధారం లేకుండా నిలబడాలి, అయినా వేలితో నెడితే కదలాలి. వాల్చగానే పడిపోతే వదులు. నెడితే కదలకపోతే మరీ బిగువు. స్టిక్ దవడ తెరుచుకుని కింది వరుసలు వెడల్పు పెరుగుతాయి. అర పాయింటు రాగి రేకు ఈ రెండింటి మధ్య తేడా తేలుస్తుంది. రేకు పెట్టక ముందు వదులు, పెట్టాక సరి. 0.18 మిల్లీమీటర్ల తేడాను బొటనవేలు ఇంత కచ్చితంగా పట్టేస్తుందని అనుకోలేదు.

బుధవారం

మొదటి పేరా, రెండో పేరా గ్యాలీలోకి (కూర్చిన వరుసలు పెట్టే పళ్లెంలోకి) ఎక్కాయి. ఇంగ్లిష్ ఇ అక్షరం సరిపోతుందా అని టెన్షన్. ఒకే పేరా నాలుగుసార్లు కూర్చడం అంటే ఇ నాలుగింతలు కావాలి. ఇప్పటికైతే గడి అడుగు కనిపించలేదు.

శుక్రవారం

నాలుగు పేరాలూ అయ్యాయి. మూడో పేరా మధ్యలో 12 పాయింట్ల స్పేసులూ క్వాడ్లూ అయిపోవడంతో, పాత సామానుతో పాటు వచ్చిన విడి డబ్బా తెరిచి అందులోంచి వాడాను.

లెడ్లు కోసేటప్పుడు ఒక జాగ్రత్త: అవి 20 పైకాలకు వెంట్రుక తక్కువే ఉండాలి, ఎక్కువ కాకూడదు. లెడ్డు వరుస కన్నా పొడుగైతే పక్కనుంచి వచ్చే ఒత్తిడంతా లెడ్డే తీసుకుంటుంది, వరుసలోని అక్షరాలు వదులుగా మిగిలిపోతాయి.

గ్యాలీ అంచున పైకా గేజి పెట్టి కొలిచాను. 30 పైకాలు. స్లగ్‌తో సహా సరిగ్గా.

శనివారం

బిగించక ముందు ఒక పోలిక చూడాలనిపించింది. ఇదే పేజీని కంప్యూటర్లో 12 పాయింట్లతో, ఇవే లెడ్డింగులతో కూర్చి పారదర్శకమైన షీటు మీద తీసి, గ్యాలీలోని టైపు పక్కన ఆనించాను. పై అంచులు కలిపితే అడుగు అంచులు కలవలేదు. కంప్యూటర్ పేజీ దాదాపు అర మిల్లీమీటరు పొడుగు.

కారణం పాయింటులోనే ఉంది. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ (కంప్యూటర్ పేజీని ప్రింటరుకు వర్ణించి చెప్పే భాష) లెక్క సులువు కావాలని అంగుళాన్ని సరిగ్గా 72 పాయింట్లు చేసింది. 360 పాయింట్లంటే అక్కడ సరిగ్గా 5 అంగుళాలు, 127 మిల్లీమీటర్లు. లోహపు పాయింటు అంతకన్నా పిసరు చిన్నది, 0.013837 అంగుళం. దాంతో అదే 360 పాయింట్లు 126.5 మిల్లీమీటర్లే అవుతాయి. ఈ అంకెకు మూలం 1886లో అమెరికా టైపు ఫౌండర్ల (టైపు పోతపోసేవాళ్ల) సంఘం తీసుకున్న నిర్ణయం. అప్పటికే వాడుకలో ఉన్న ఒక పెద్ద ఫౌండ్రీ పైకాను వాళ్లు ప్రమాణంగా ఒప్పుకున్నారు. దాన్ని కొలిస్తే 83 పైకాలు 35 సెంటీమీటర్లకు సరిపోయాయి. అంగుళంతో చక్కగా భాగం కుదరని ఈ కొలతను ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ ఫౌండ్రీ పోతపోసిన టైపు అప్పటికే ఎన్నో ప్రెస్సుల కేసుల్లో ఉంది. అందరూ తమ సీసం కరిగించుకోవడం కన్నా అంకె వంకరగా ఉండటమే నయం. నాకు ఈ నిర్ణయం చాలా సబబుగా అనిపిస్తుంది. బ్రిటన్ ఫౌండ్రీలు 1898లో ఇదే పద్ధతికి వచ్చాయి.

అంతకు ముందు సైజులకు అంకెలు కాదు, పేర్లు ఉండేవి: పెర్ల్, నాన్‌పరేల్, బ్రెవియర్, లాంగ్ ప్రైమర్, పైకా, గ్రేట్ ప్రైమర్. ఒక ఫౌండ్రీ పైకా, ఇంకో ఫౌండ్రీ పైకా ఒకే మందం ఉండాలన్న నియమం లేదు. ఒకచోట టైపు, ఇంకోచోట క్వాడ్లు కొంటే వరుస కుదిరేది కాదు.

ఆదివారం ఉదయం

బిగింపు. ఫారాన్ని (కూర్చిన పేజీ మొత్తాన్ని) రాతి బల్ల మీదికి జరిపి, చుట్టూ చేజ్ పెట్టి, నాలుగు పక్కలా ఫర్నిచర్ (ఖాళీ నింపే దిమ్మలు) వేశాను. ఫర్నిచర్ కూడా పైకాల లెక్కలోనే వస్తుంది కాబట్టి వెతుకులాట తక్కువ. ఒక్కో ముక్క చివర పక్క ముక్కను దాటి వెళ్లేలా, కాగితపు గాలిమర రెక్కల్లా ఒకదాని వెనక ఒకటి పేర్చాలి. నాలుగు మూలలా చివరలు ఎదురెదురుగా తగిలితే ఒత్తిడి ఫర్నిచర్‌లోనే ఆగిపోతుంది, టైపు దాకా రాదు. క్వాయిన్లు (తిప్పి బిగించే చీలలు) రెండు పక్కలే. ఒకేసారి పూర్తిగా తిప్పకుండా కొద్దికొద్దిగా, మార్చిమార్చి బిగించాను. మధ్యలో ఒకసారి చెక్క ప్లేనర్‌తో (చదును చేసే దిమ్మతో) పైనుంచి తట్టి అక్షరాల కాళ్లు బల్లకు ఆనేలా చేశాను. చేజ్ ఒక అంచు కింద ఏదో ముక్క పెట్టి పైకెత్తి, వేళ్లతో అక్కడక్కడా నొక్కి చూశాను. ఏదీ జారలేదు.

ఆదివారం సాయంత్రం

మొదట తీసిన కాగితాలు శుభ్రంగా వచ్చాయి. ఒత్తిడి సమానంగా ఉంది. టింపన్ (అచ్చు కాగితం వెనక ఉండే పొర) కింద కాగితాలు మార్చాల్సిన అవసరం కూడా పెద్దగా పడలేదు. తర్వాత మూడో పేరాలో, రెండు పదాల మధ్య సన్నటి నల్లగీత కనిపించింది. ఇంకొన్ని కాగితాలకు అది ముదిరింది, పక్కన మరోటి పుట్టింది. పేరా చివరి వరుసలో, ఖాళీగా ఉండాల్సిన చోట నల్లటి చదరం ఒకటి సగం పడింది. స్పేసులు పైకి లేస్తున్నాయి. ప్రతి ఒత్తుకూ కొంచెం కొంచెం పైకి పాకి, చివరికి రోలరుకు అందే ఎత్తుకు వచ్చి, సిరా పూసుకుని అచ్చవుతున్నాయి.

ఇది మూడో పేరాలోనే ఎందుకు? మిగతా మూడు పేరాల్లో ఒక్క గీత లేదు. ఆ డబ్బా గుర్తొచ్చింది.

సోమవారం రాత్రి

ఫారం విప్పి, డబ్బాలోవి కొన్ని, కేసులోవి కొన్ని ఎమ్ క్వాడ్లు పక్కపక్కన పెట్టాను. చూపుకు ఒకటే. గోటితో మీద నుంచి గీస్తే ఏదో అంచు తగిలినట్టూ తగలనట్టూ ఉంది. కాలిపర్ పెడితే కేసులోది 4.22, డబ్బాలోది 4.14. ఇంత చిన్న తేడాకు కాలిపర్‌ను నమ్మాలో వద్దో తెలియక, పన్నెండేసి క్వాడ్లు రెండు వరుసలుగా పేర్చి గీతబద్దకు ఒక అంచు ఆనించాను. కేసులోవి 50.6 మిల్లీమీటర్లు. డబ్బాలోవి 49.6. ఒక మిల్లీమీటరు తేడా, కంటికే కనిపిస్తోంది. ఎవరి దగ్గరైనా పాత స్పేసులు ఉంటే ఇదే చేయండి. ఒక్క క్వాడ్ చెప్పని మాట పన్నెండు కలిసి చెబుతాయి.

4.14 ఎక్కడి నుంచి వచ్చింది? నా టైపు పాయింటుతో భాగిస్తే పూర్తి అంకె రాదు. డిడో పాయింటుతో చూస్తే వచ్చింది. డిడో పాయింటు 0.376 మిల్లీమీటర్లు. 11 డిడో పాయింట్లు 4.136. డబ్బాలోవి 11 డిడో పాయింట్ల బాడీ మీద పోసిన స్పేసులు.

టైపు కొలతకు పాయింటు పద్ధతిని మొదట తెచ్చినవాడు పారిస్ ఫౌండరు పియేర్ సిమోన్ ఫూర్నియే, 1737లో. అక్కడి ఫౌండరే ఫ్రాన్స్వా ఆంబ్రువాజ్ డిడో 1780లలో దాన్ని సరిచేసి ఫ్రాన్సు రాజ అడుగుకు ముడిపెట్టాడు. ఆ అడుగులో పన్నెండో వంతు అంగుళం, ఆ అంగుళంలో 72వ వంతు పాయింటు. కొద్ది ఏళ్లకే అదే దేశం మీటరుకు మారింది, రాజ అడుగు వాడుక నుంచి పోయింది. పాయింటు మాత్రం పోలేదు. యూరప్ ప్రధాన భూభాగంలో సీసపు టైపు ఉన్నంత కాలం అదే నడిచింది. 12 డిడో పాయింట్లను సిసెరో అంటారు, 4.51 మిల్లీమీటర్లు. పైకాకూ సిసెరోకూ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. 11 డిడోకూ 12 పాయింట్లకూ తేడా 0.08 మిల్లీమీటర్లే. అందుకే చిక్కు వచ్చింది. అక్షరాలైతే ఎత్తులోనే దొరికిపోయేవి. ఫ్రెంచ్ ఎత్తు 23.56 మిల్లీమీటర్లు, నా టైపుది 23.32. పొడుగు అక్షరం మొదటి ఒత్తులోనే కాగితాన్ని పొడుస్తుంది. స్పేసు ఎలాగూ పొట్టిది కాబట్టి ఏ సంకేతమూ ఇవ్వదు.

మిగతాది సులువుగానే అర్థమైంది. వరుసలో అక్షరాల బాడీ 12 పాయింట్లు. అడుగు నుంచి క్వాయిన్ తోసే ఒత్తిడిని అవే మోస్తాయి. వాటి మధ్య కూర్చున్న స్పేసు 0.08 మిల్లీమీటర్లు సన్నం, పైన ఒక లెడ్డు, కింద ఒక లెడ్డు ఉన్నా రెండూ దాన్ని పట్టుకోవు. పక్క నుంచి జస్టిఫికేషన్ బిగువు ఒక్కటే ఆధారం. ప్రతి ఒత్తుకూ వచ్చే అదురుకు అది చాలదు.

డబ్బాలోవన్నీ మూట కట్టి "11 డిడో" అని రాసి పక్కన పెట్టాను. పనికిరానివి కావు. ఆ బాడీ టైపు దొరికితే వాటికి అవే సరైన జోడు.

బుధవారం

మూడో పేరాను మళ్లీ కూర్చాను. స్పేసుల కొరత తీర్చడానికి పేరా చివరి వరుసల్లో విడి ఎమ్ క్వాడ్ల బదులు రెండు ఎమ్‌లు, మూడు ఎమ్‌ల పెద్ద క్వాడ్లు వేశాను. ముక్కలు ఎంత తక్కువైతే వరుస అంత గట్టిగా ఉంటుంది.

శనివారం

నల్ల గీతలు లేవు. ఇప్పుడు పేజీని చదివే పని.

లెడ్లు లేని పేరా ముదురుగా, ఒక్క ముద్దలా ఉంది. 20 పైకాల వెడల్పులో కన్ను వరుస చివరి నుంచి తర్వాతి వరుస మొదటికి వెళ్లడానికి తడుముకోదు కానీ, హాయిగా లేదు. 1 పాయింటు లెడ్డుతో తేడా ఉన్నట్టే అనిపించదు, రెండు పేరాలూ పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది. 2 పాయింట్లు నాకు అన్నిటికన్నా నచ్చింది. 3 పాయింట్ల దగ్గర వరుసలు ఒక్కొక్కటీ విడిగా, పట్టీల్లా కనిపించడం మొదలవుతుంది. ఇంకా వెడల్పైన వరుసకు అదే బాగుంటుందేమో.

ఊహించనిది రెండో వరుసలో దొరికింది. ఆ 9 పాయింట్ల వరుస గుర్తుందిగా, నాలుగు ఎన్ స్పేసులు పడినది. మొదటి పేరాలో ఆ వరుస చిల్లులు పడినట్టు ఉంది. పైవరుసలోని సందులతో కలిసి తెల్లటి పాయ ఒకటి కిందికి జారుతోంది. నాలుగో పేరాలో అదే వరుస, అవే స్పేసులు, ఏ లోపమూ కనిపించడం లేదు. పదాల మధ్య తెలుపు వరుసల మధ్య తెలుపు కన్నా తక్కువగా కనిపిస్తే కన్ను అడ్డంగా నడుస్తుంది. ఎక్కువైతే నిలువుగా జారుతుంది. 6 పాయింట్లన్నది ఎక్కువా తక్కువా అని దానంతటది చెప్పలేం, పైనా కిందా ఎంత ఉందో చూడాలి. తెర మీద తెలుగు కూర్చేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం అనుకుంటాను. మనకు వరుస కింద వత్తులు, వరుస మీద గుడులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయిన లెడ్డింగే పెడితే పై వత్తు కింది గుడిని తాకుతుంది, ఉన్న తెలుపు కూడా మిగలదు.

ఆ వరుసను నాలుగు పేరాల్లోనూ విప్పి వేరేలా పంచాను. ప్రతి సందులో 4 తీసేసి, నాలుగో వంతు ఒకటి, అయిదో వంతు ఒకటి కలిపి పెట్టాను: 3 + 2.4 = 5.4. సందుకు 1.4 చొప్పున ఆరింటికి 8.4 పాయింట్లు. మిగిలిన 0.6కు ఒక రాగి రేకు. ముక్కలు రెట్టింపయ్యాయి కానీ సందులన్నీ సమానం. మొదటి పేరాలో ఆ తెల్ల పాయ తెగిపోయింది.

ఆదివారం

కావలసిన కాగితాలన్నీ తీశాను, ఆరుతున్నాయి. టైపు కడిగి కేసుల్లోకి సర్దుతున్నాను. అక్షరాల కన్నా స్పేసుల దగ్గరే ఎక్కువసేపు పడుతోంది. 3, 2.4 కలిసిపోకుండా ఒక్కోదాన్నీ చూసి వేస్తున్నాను. రాగి రేకులు వంగినవి పక్కకు తీశాను, వంగిన రేకు అర పాయింటు కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది.

తర్వాత ఇదే పేజీ 10 పాయింట్ల టైపుతో. అదే 20 పైకాల వెడల్పులో వరుసకు అక్షరాలు పెరుగుతాయి కాబట్టి, 3 పాయింట్ల లెడ్డు అక్కడ గెలుస్తుందని నా అంచనా. పేరాకు ఆరు వరుసలే ఉంచుతున్నాను, అందుకు తగ్గట్టు మాటలు కొంచెం పెంచాలి. లెక్క వేసి చూశాను: 60, 65, 70, 75 కలిపి 270. రెగ్లెట్లకు 36, అడుగున అదే 6 పాయింట్ల స్లగ్. 312 పాయింట్లు, సరిగ్గా 26 పైకాలు. మిగిలే 4 పైకాల చోట ఒక ఫర్నిచర్ ముక్క అదనంగా వేస్తే, చేజ్‌లో ఇంకేదీ మార్చక్కర్లేదు.